వంతెన దాటిన పేరు

ఇటు రండి, ఇటు రండి. ఆ చివర నిలబడ్డవాళ్ళు దగ్గరికి జరగండి. చుట్ట కాల్చేవాళ్ళు గాలి అటు పోయే వైపు కూర్చోండి. వక్క నములుతున్నవాళ్ళు ఊసి వచ్చి నోరు మూసుకోండి. ఎందుకంటే నేనిది ఒక్కసారే చెబుతాను. రెండోసారి చెబితే ఇంకా పెద్దదవుతుంది, మీకే కష్టం.

కొత్తవాగు వంతెనకు ఈ పక్కన ఒక ఆఫీసు ఉంది. దాని పేరు సంచార జీవరాశి ప్రయాణ అనుమతుల ప్రాంతీయ కార్యాలయం. బోర్డు ఆఫీసు కంటే మూరెడు పొడుగు. అందుకని చివరి రెండక్షరాలు గోడ దాటి పక్కనున్న టీ కొట్టు మీదికి వచ్చి, కొట్టుకు నీడనిస్తుంటాయి. ఆ ఆఫీసులో పని ఒక్కటే. మందతో వాగు దాటే గొర్రెలకాపరికి ఒక కాగితం ఇవ్వాలి. ఇన్ని గొర్రెలు, టీకాలు వేశాం, పోనివ్వండి. అంతే. ఆ కాగితం చూసి వంతెన మొదట్లో ఉన్న గార్డు ఇస్తారి అడ్డకర్ర పైకెత్తుతాడు.

ఆ కాగితాన్ని అచ్చువేసేది ఒక పాత ప్రింటర్. సూదులతో రిబ్బను మీద పొడిచి పొడిచి చుక్కలు చుక్కలుగా అక్షరం పుట్టించే రకం. అది పని చేస్తుంటే వంద కీచురాళ్ళను డబ్బాలో వేసి ఊపినట్టుంటుంది. కాగితాలు విడివిడిగా ఉండవు. ఒకదానికొకటి అంటుకుని, అంచులకు చిల్లులతో, మడతలు మడతలుగా పెట్టెలోంచి వస్తూనే ఉంటాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రింటర్‌కు తెలిసిన అక్షరం ఒకటే తీరు. ఆ ఒక్క అక్షరంతోనే లక్షల గొర్రెలు వాగు దాటాయి. అక్షరం బాగాలేదని ఒక్క గొర్రె కూడా వెనక్కి రాలేదు.

ఒక సోమవారం పొద్దున కొమురెల్లి అనే కాపరి, అతని భార్య సాయవ్వ, రెండు వందల పన్నెండు గొర్రెలు ఆ ఆఫీసు ముందుకు వచ్చారు. ఈ పక్కన ఎండలకు గడ్డిపోచ మిగల్లేదు. వాగు అవతల వరి కోసేశారు. కోసిన పొలంలో మంద పెడితే గొర్రెలకు మేత, పొలానికి ఎరువు, కాపరికి రెండు బస్తాల వడ్లు. అవతలి రైతు వీరరాఘవులు ఫోన్‌లో మాట ఇచ్చాడు, గడువు కూడా పెట్టాడు.

"ఇదిగో కొమురెల్లీ, గురువారం పొద్దుగూకేలోపు మంద నా చేలో దిగాల. దిగలేదనుకో, వేరేవాళ్ళు కాచుక్కూచున్నారు. తర్వాత నన్ననుకుని లాభం లేదు మరి."

నాలుగు రోజులుంది, వాగు దాటడానికి అరగంట చాలనుకుని కొమురెల్లి కిటికీ దగ్గరికి పోయాడు. కిటికీ వెనక సూపరింటెండెంటు అనసూయాదేవి గారు కూర్చుని ఉన్నారు.

"ఇవాళ అచ్చు లేదు" అంది ఆమె.

"ఏమైందమ్మా, మిషన్ చెడిపోయిందా?"

"చెడిపోలేదు. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అందుకే ఆపాం." పైనుంచి వచ్చిన కాగితం తీసి చదివింది. "పాత యంత్రములకు మెమరీ పెంచి, నూతన ఫాంట్లను చేర్చి, కార్యాలయ ఔన్నత్యమును అక్షరరూపమున ప్రతిబింబింపజేయవలెను. అంతవరకు పాత అక్షరములతో ఎట్టి ధ్రువపత్రములనూ జారీ చేయరాదు."

"పాత అక్షరమైతే గొర్రెకు ఏమైతదమ్మా?"

"గొర్రెకేం కాదు. ఆఫీసుకవుతుంది. పక్కకు జరుగు."

జరగడానికి వెనక ఎవరూ లేరు. అయినా మర్యాదకు కొమురెల్లి పక్కకు జరిగాడు.

మధ్యాహ్నానికి పట్నం నుంచి మోయిన్ అనే మెకానిక్ వచ్చాడు. ప్రింటర్ మూత తీసి ఉఫ్ అని ఊదాడు. ఇరవై రెండేళ్ళ దుమ్ము లేచి, ఆఫీసులో వాళ్ళు ఒకరికొకరు కాసేపు కనబడలేదు. ఆ కాసేపట్లోనే అటెండరు బాలనర్సు టీ తాగి వచ్చాడు. దుమ్ము దిగాక మోయిన్ గోరంత మెమరీ ముక్క లోపల గుచ్చి, ఫాంట్ల కార్డు తగిలించి, పన్నెండు రకాల అక్షరాలు అచ్చుకొట్టి చూపించాడు. బక్కవి, బొద్దువి, వాలినవి, మెలికలు తిరిగినవి, వెనక నీడ ఉన్నవి.

అప్పుడే ఆఫీసరు గారు గదిలోంచి బయటికి వచ్చారు. ఆయన పేరు లక్కరాజు వీరవెంకట సత్యనారాయణ పరబ్రహ్మం. హోదా సంయుక్త ఉపసహాయ సంచాలకులు. పన్నెండు రకాల అక్షరాలనూ ఆయన ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూశారు.

"ఇన్నాళ్ళూ నా పేరు ఏ అక్షరంలో ఉండేది?" అన్నారు చివరికి.

"ఉన్నదే ఒకటి గద సార్, గండ్లనే" అన్నాడు మోయిన్.

"మరి గొర్రె అన్న మాట?"

"గదీ గండ్లనే సార్."

పరబ్రహ్మం గారు కుర్చీ కోసం చెయ్యి చాపారు. బాలనర్సు కుర్చీ జరిపాడు. ఆయన కూలబడ్డారు.

"ఇరవై రెండేళ్ళు" అన్నారు. "ఇరవై రెండేళ్ళు ఒక సంచాలకుడూ, ఒక పొట్టేలూ ఒకే అక్షరంలో!"

అనసూయాదేవి గారు కళ్ళొత్తుకుంది. ఆమె పేరూ అందులోనే ఉండేది మరి.

మంగళవారం ఉదయం అక్షర హోదా నిర్ధారణ సంఘం కూర్చుంది. అధ్యక్షులు పరబ్రహ్మం గారు, సభ్యులు అనసూయాదేవి గారు, కిటికీ తెరిచేది, మూసేది బాలనర్సు. మధ్యాహ్నానికి తీర్మానం అయింది. ఎవరి అక్షరం వారి జీతం మెట్టును బట్టి ఉండాలి. సంచాలకుల వారికి బొద్దు అక్షరం, వెనక నీడ, నీడకు మళ్ళీ నీడ. సూపరింటెండెంటు గారికి మెలికలు, కానీ మెలిక సంచాలకుల వారి అక్షరం మోకాలు దాటకూడదు. బాలనర్సు ఎప్పుడూ అటూ ఇటూ తిరుగుతుంటాడు కనక వాలిన అక్షరం. గొర్రెల అంకెకు కొమ్ములు. మేకలు వస్తే గడ్డం.

"మరి మా ఆయన పేరుకో?" అని సాయవ్వ కిటికీలోంచి అడిగింది.

అనసూయాదేవి గారు తీర్మానం చూసి చదివింది. "దరఖాస్తుదారుని పేరు, మిగిలిన మెమరీలో, మిగిలినంత."

ఎక్కించి చూస్తే ఏం మిగల్లేదు. పరబ్రహ్మం గారి పేరులో లక్కరాజు ఎక్కేసరికే మెమరీ నిండిపోయింది.

"సార్, ఇది ముసలి మిషన్. దీనికి గింతకన్న ఎక్కది" అన్నాడు మోయిన్.

"ఎక్కదు అన్న మాట కార్యాలయ పరిభాషలో లేదు. ఎక్కించవలెను అని ఉంది. ఎక్కించు."

మోయిన్ పట్నం పోయి సంచీ నిండా మెమరీ ముక్కలు తెచ్చాడు. ప్రింటర్ మూత మళ్ళీ పట్టలేదు. మూత తీసి అటకెక్కించారు. ముక్కల మీద ముక్కలు గుచ్చితే కంచు దీపస్తంభంలా లేచి ఫ్యానుకు తగిలింది. ఫ్యాను విప్పేశారు. వీరవెంకట దగ్గర మళ్ళీ నిండింది. ఈసారి గంపతో తెచ్చాడు. నిలువుగా చోటు లేక నులకమంచం తెప్పించి, దాని మీద మెమరీని పరుపులా పరిచి, తీగలతో ప్రింటర్‌కు కలిపారు. సత్యనారాయణ దగ్గర ఆ మంచం కూడా చాలక, బాలనర్సు ఇంటికి పోయి వాళ్ళ అత్తగారు పడుకున్న మంచం తెచ్చాడు. ఆవిడ ఇంకా దాని మీదే ఉందని కొందరంటారు. నేను చూడలేదు కనక చెప్పను.

ఆఫీసు ముందు గొర్రెలు అప్పటికి రెండు రోజులుగా ఎండుటాకులు ఏరుకుంటున్నాయి. వేపపుల్లలు అయిపోయాయి. టీ కొట్టు తడిక సగం అయిపోయింది.

"ఏమయ్యా, నువ్వు గా కిటికి కాడ దేవునికి మొక్కినట్టు నిలబడితే పని గాదు" అంది సాయవ్వ. "గొర్ల పక్కలు లోపలికి పోయినయ్. ఇంకో రెండొద్దులైతే వీటిని నువ్వు మోసుకపోవాలె."

"ఏం జెయ్యాలె మరి? సారు పేరు ఇంకా సత్యనారాయణ కాడ్నే ఉన్నది."

బుధవారం పొద్దున్నే మొదటి ముద్రణ. కొబ్బరికాయ కొట్టారు. మీట నొక్కారు. ప్రింటర్ ఒక్క క్షణం ఆలోచించి, లక్కరాజులో మొదటి అక్షరం మొదలుపెట్టింది. బల్ల ఊగింది. బీరువా తలుపులు కొట్టుకున్నాయి. నీడకు నీడ పొడిచేటప్పుడు ప్రింటర్ బల్ల దిగి గుమ్మం వైపు నడిచింది. బాలనర్సు దాని మీద బోర్లా పడి ఆపాడు. కొమురెల్లి దగ్గర తాడు తీసుకుని, దాన్ని బీరువాకు కట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఏడు రిబ్బన్లు, నాలుగు గంటలు పట్టింది. పద్నాలుగు గజాల ధ్రువపత్రం బయటికి వచ్చింది. పదమూడున్నర గజాలు ఆఫీసరు గారి పేరు. తర్వాత మెలికలు. తర్వాత కొమ్ములతో రెండు వందల పన్నెండు. చిట్టచివర ఒక చుక్క.

"గీ చుక్కేంది?" అన్నాడు కొమురెల్లి.

"అది నువ్వే" అన్నాడు బాలనర్సు.

కొమురెల్లి ఆ చుక్కను చాలా ప్రేమగా చూసుకున్నాడు. కాగితం మడిచి నెత్తిన పెట్టుకుని బయల్దేరబోయాడు. అనసూయాదేవి గారు ఆపింది.

"జారీ వేళకు అంకె సరిచూడాలి" అని బయటికి వచ్చి గొర్రెలను లెక్కపెట్టింది. రెండు వందల పద్నాలుగు.

"ముద్రణ నాలుగ్గంటలు పట్టె గదమ్మా" అంది సాయవ్వ. "గా నడుమల రెండు ఈనినయ్."

"అయితే ఈ పత్రం వాస్తవ విరుద్ధం. రద్దు."

మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ నాలుగ్గంటలు, మళ్ళీ పద్నాలుగు గజాలు. లెక్కపెడితే రెండు వందల పదిహేను. కడుపుతో ఉన్నవి ఇంకా పదకొండు ఉన్నాయి. అవి ఆఫీసు వేళలు చూసుకుని ఈనే రకం కాదు. పరబ్రహ్మం గారు దీర్ఘంగా ఆలోచించి ఉత్తర్వు చెప్పి రాయించారు. బాలనర్సు బయటికి వచ్చి, గొంతు సవరించుకుని, గొర్రెలకు ఎదురుగా నిలబడి చదివాడు.

"ఇందుమూలముగా సమస్త గొర్రెలకు తెలియజేయునది ఏమనగా, ధ్రువపత్ర ముద్రణ జరుగుచున్న సమయమున ఏ గొర్రెయూ ఈనరాదు. ఈనినచో, పుట్టిన పిల్ల తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు పుట్టనట్లే పరిగణించబడును."

ఒక గొర్రె మే అంది. బాలనర్సు దాన్ని అందినట్టు సంతకంగా రాసుకున్నాడు.

"ఓ బాలనర్సన్నా" అని సాయవ్వ కేకేసింది. "గా కాయితం వీటికి సదివితే ఏమొస్తది? పొట్టేళ్ళకు సదువు. అదన్నా ఐదు నెలల కింద సదవాల్సి ఉండె."

అంతలోనే, సమస్త గొర్రెలూ విన్న ఉత్తర్వు గాలిలో ఉండగానే, రెండు వందల పదహారోది పుట్టింది.

గురువారం తెల్లారింది. వీరరాఘవులు ఫోన్ చేశాడు. "ఏవయ్యా, వస్తున్నావా, లేదా? అవతల మందవాడు నా గట్టుమీదే గొంగడి పరుచుకుని పడుకున్నాడు. పొద్దుగూకితే వాణ్ణి దింపేస్తా, అంతే."

కొమురెల్లి తలపాగా తీసి చేత్తో పట్టుకుని ఆఫీసరు గారి గదిలోకి పోయాడు. "సార్, మీ కాళ్ళు మొక్కుత. ఒక్క తెల్లకాయితం మీద చేతితోటి రాసియ్యిండ్రి. రెండొందల పదారు గొర్లు, పోనియ్యిండ్రి అని."

"చేతిరాతా?" పరబ్రహ్మం గారు అదిరిపడ్డారు. "చేతిరాతకు ఫాంటు ఏదయ్యా? ఏ హోదా అని చెప్పను దాన్ని?"

కొమురెల్లి బయటికి వచ్చి, అరుగు మీద కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. సాయవ్వ అతన్ని చూసింది, గొర్రెలను చూసింది. నిలబడలేక పడుకున్న ఒక గొర్రెపిల్లను లేపి నిలబెట్టింది. కొంగు బిగించి, ఎవర్నీ అడక్కుండా లోపలికి పోయింది.

"సార్" అంది. "ఏమనుకోవద్దు, ఒక్క మాట. మీ పేరు గిట్ల చిన్నగనే వస్తదా?"

అనసూయాదేవి గారు రాస్తున్న పెన్ను కింద పెట్టింది.

"చిన్నగానా? పదమూడున్నర గజాలు!"

"ఏమో సార్. పై వంతెన కాడ ఉంటడు గద ఒక సారు. గాయన పేరు ఇరవై గజాలున్నదని కాపరోళ్ళు అనుకుంటున్నరు. మాకేం తెలుస్తది, సదువురానోళ్ళం."

పరబ్రహ్మం గారి మొహం ఎర్రబడింది, తర్వాత పెద్దదైంది. "అతను నా కంటే రెండేళ్ళు జూనియర్!" అని గట్టిగా అరిచారు. "మోయిన్! ఇంకా ఎంత పెంచగలవు?"

"మెమరీ ఉన్నకాడికి ఇదే సార్. వేరే రాతలన్నీ తీసేస్తే పెరుగుతది."

అనసూయాదేవి గారి మెలికలు తీసేశారు. ఆమె లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. బాలనర్సు వాలు తీసేశారు. కొమురెల్లి చుక్క తీసేశారు.

"గొర్ల లెక్క కూడ తీసేయుండ్రి సార్" అంది సాయవ్వ నెమ్మదిగా. "గది గడియకోతీరు మారవట్టె. మీ పేరైతే మారది గద."

పరబ్రహ్మం గారు ఆమె వైపు మొదటిసారి చూశారు. "నిజమే. ధ్రువపత్రంలో విషయం క్షణికం. అధికారం శాశ్వతం. తీసెయ్."

పగలు పన్నెండుకు మీట నొక్కారు. ప్రింటర్ ఈసారి నడవలేదు, బీరువానే ఈడ్చుకుంటూ కిటికీ దగ్గరికి పోయింది. అక్షరం ఒక్కొక్కటి నిలువెత్తు కాగితాలు పది మింగుతోంది. గది నిండింది. కాగితం కిటికీలోంచి బయటికి పొంగింది. అనుమతి పత్రం గార్డుకు అందాలి కనక, దాని మొదటి కొస రెండు చేతులా పట్టుకుని, ఆఫీసరు గారి పేరుకు ముందు నడుస్తున్నాను కదా అని చెప్పులు విడిచి, బాలనర్సు వంతెన వైపు బయల్దేరాడు. వెనక లక్కరాజు వచ్చింది. లక్కరాజు మొత్తం దారిలో ఉన్న మర్రెడ్డి బావి మలుపు తిరిగేసరికి వీర మొదలైంది.

వంతెన దగ్గర ఇస్తారి అడ్డకర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందిరా బాలనర్సూ, గీ తెల్లగ వచ్చేది?"

"సారు పేరు."

"సారేడి?"

"సారు ఆఫీసుల్నే ఉన్నడు. పేరు వచ్చింది."

ఇస్తారికి చెమట పట్టింది. సారు వస్తే కర్ర ఎత్తి దండం పెట్టాలని రూలు ఉంది. సారు పేరు ఒక్కటే నడిచి వస్తే ఏం చెయ్యాలో ఏ రూలులోనూ లేదు. ఆఫీసుకు ఫోన్ చేశాడు. మెలికలు పోయిన దుఃఖంలో ఉన్న అనసూయాదేవి గారు ఫోన్ ఎత్తింది.

"అధికారి పేరు అధికారిలో అంతర్భాగం. ఆపితే అధికారిని ఆపినట్టే. ఎత్తు."

ఎత్తాడు. కింద నుంచి లక్కరాజు పోతోంది. ఇస్తారి ఒక చేత్తో కర్ర పైకి పట్టుకుని, ఒక చేత్తో దండం పెడుతూ నిలబడ్డాడు. కర్ర దించితే పేరు మధ్యలో తెగుతుంది. సంయుక్త ఉపసహాయ సంచాలకుల వారిని వీరకూ వెంకటకూ మధ్య నరికాడన్న కేసు అతనికి వద్దు.

అప్పుడు, మందను తోలుకుని పేరు వెంటే వచ్చిన సాయవ్వ మొగుడి వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఇంకేం జూస్తవయ్యా, తోలు!"

"కాయితం లేకుంట ఎట్లనే?"

"వంతెనంత కాయితమే ఉన్నది, కండ్లు తెరువు!"

కొమురెల్లి నాలుక మడిచి ఈల వేశాడు. రెండు వందల పదహారు గొర్రెలు కర్ర కింద నుంచి పేరుకు అటూ ఇటూ నడిచాయి. నాలుగు రోజుల ఆకలి. పక్కనే తెల్లగా, మెత్తగా, మడతలు మడతలుగా పోతోంది. ముందు నడిచే పొట్టేలు వీరను వాసన చూసి కొరికింది. బాగుందన్నట్టు తలూపింది. అంతే. వెంకట వంతెన మధ్యకు రాలేదు. సత్యనారాయణ కర్ర కింద నుంచి సగం వచ్చి మాయమైంది. ఇస్తారి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. గొర్రెలను ఆపాలంటే కర్ర దించాలి. కర్ర దించితే మిగిలిన పేరు తెగుతుంది. దండం పెడుతూనే ఉన్నాడు.

పొద్దు వాగు మీదికి వాలుతుండగా మంద వీరరాఘవులు చేలో దిగింది. అప్పుడే పుట్టిన రెండు వందల పదిహేడోది కొమురెల్లి గొంగట్లో ఉంది. గట్టు మీద కాచుక్కూచున్న రెండోవాడు గొంగడి దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

"మాటంటే మాటే నీది" అన్నాడు రైతు, గొర్రెలను చూస్తూ. "అది సరేగానీ, వీటి మూతులన్నీ నల్లగా ఉన్నయ్యేంటయ్యా? రోగం గీగం కాదు గదా?"

"రోగం గాదు దొరా" అంది సాయవ్వ, కాళ్ళు చాపుకుని గట్టు మీద కూర్చుంటూ. "పెద్ద సారు పేరు జెప్పుకుని బతికినయ్, గందుకే."

ఇటు వంతెన మీద పరబ్రహ్మం గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆయన చేతికి కొసన ఒక ముక్క దొరికింది. ఆయన పేరులో చివరి సున్నా ఒక్కటే దాని మీద ఉంది, నీడతో సహా. ఆయన అక్కడే నిలబడి, వెనకాలే వచ్చిన అనసూయాదేవి గారికి ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టారు.

"సదరు గొర్రెల మంద, కార్యాలయ అధిపతి నామధేయమును అనధికారికముగా స్వీకరించినందున, ఆ నామధేయమును రేపు ఉదయములోపు, అది ఏ రూపమున లభ్యమైన ఆ రూపముననే, కార్యాలయమునకు తిరిగి జమ చేయవలెను..."

అనసూయాదేవి గారు రాసుకుంటోంది. ఏ రూపమున అన్న దగ్గర ఆమె పెన్ను కొంచెం ఆగింది.

వంతెన గోడ పక్కన ఒక ముసలాయన తన మేకను పట్టుకుని, మధ్యాహ్నం నుంచీ అంతా చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆయన దగ్గరికి వచ్చి, రుమాలు తీసి, ఎంతో వినయంగా అడిగాడు.

"బాంచెను సార్. నా మేకకు సర్టిఫికెట్ ఏం వద్దు. మీ ఇంటిపేరు ఇంకో రెండు గజాలు మిగిలుంటే ఇయ్యిండ్రి. ఇది కొత్త పేర్లు తినది, ఖాందాన్ చూస్తది."